నల్లగొండలో పాత కార్ల మెరుపు సామాను విప్పి బిగించే షెడ్డు: మా పద్మిని కారుతో అనుభవం

ముందే చెప్పేస్తాను. పని బాగుంది, ఆలస్యం భరించలేం, బిల్లంటే చిత్తుకాగితం. ఈ మూడూ తెలిసి వెళ్తే ఈ షెడ్డు మంచిదే. మీ దగ్గర పాత ఫియట్టో అంబాసిడరో ఉండి, దాని బంపర్లు, సైడు పట్టీలు, ముందు జాలీ, వీల్ కప్పులు తీయించి, మెరుగు పెట్టించి, మళ్ళీ సరిగ్గా బిగించాలనుకుంటే ఇక్కడికి తీసుకెళ్ళండి. వచ్చే వారం ఊరేగింపుకి బండి కావాలంటే మాత్రం వద్దు.

నాకు నల్లగొండలో ఫొటో స్టూడియో ఉంది. కారు మా మామగారిది, 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని, అందరూ ఫియట్ అనే బండే. ఆయన నడపడం మానేసి రేకుల కింద పెట్టేసిన బండిని పెళ్ళికి ముందు తీసే ఫొటోల కోసం నేను బయటికి తీయించాను. ఇప్పటి జంటలకి కొత్త కారు పక్కన నిలబడటం మీద మోజు లేదు, కొత్త కార్లు అందరింట్లో ఉన్నాయి. పానగల్లులో ఉదయసముద్రం చెరువు కట్ట మీద, పొద్దున ఎండ ఇంకా పక్కనుంచి పడుతున్నప్పుడు, ఈ పాత ఫియట్‌కి ఆనుకుని పట్టుచీరలో పెళ్ళికూతురు నిలబడితే ఆ ఒక్క ఫొటోకే ఆల్బమ్ ఆర్డర్ ఖాయమవుతుంది.

అయితే కెమెరాకి కారు రంగు కంటే ముందు దొరికేది మెరుపు సామాను. పెయింటు మీద గీతలు ఎడిటింగ్‌లో పోతాయి. సొట్ట పడిన బంపర్‌లో వంకరగా కనిపించే పెళ్ళికొడుకు కాళ్ళని సరిచెయ్యాలంటే మా ఎడిటర్ పూటంతా కూర్చోవాలి. పైగా మా ముందు బంపర్ ఫొటోల్లో పసుపు ఛాయ కొట్టేది. కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఎంత మార్చినా పోయేది కాదు. క్రోమ్‌కి కొంచెం నీలం ఛాయ ఉంటుంది, నికెల్‌ది పసుపు ఛాయ. పైన ఉన్న క్రోమ్ అరిగిపోయి కింది నికెల్ బయటపడిందన్న మాట. బంపర్ మీద క్రోమ్ పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. మనం చూసే మెరుపులో ఎక్కువ భాగం కింద ఉన్న నికెల్‌ది, దాని కింద చేసిన పాలిష్‌ది. క్రోమ్ దాన్ని మసకబారకుండా కాపాడుతుంది, గీతలు పడకుండా చూస్తుంది.

ఇక షెడ్డు సంగతి. దేవరకొండ రోడ్డులో ఉంది. బోర్డు లేదు. వేపచెట్టు, దాని కింద చక్రాల్లేని పాత జీపు కనిపిస్తే అదే. నడిపేది అరవై దాటిన పెద్దాయన, అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. సాయంగా ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకరికీ పద్మిని నడపడం రాదు, గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది కదా. బండిని ఇటు నుంచి అటు జరపాలన్నా చాచానే రావాలి. ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటు లేదు, బాత్‌రూమ్ లేదు. ఇది ముందే తెలిసుంటే బాగుండేదనిపించింది, అందుకే రాస్తున్నాను.

నేను ఈయన దగ్గరికి రావడానికి కారణం ఇంకో చోట చేయించిన పెయింటు. ఆ షాపు పేరు అనవసరం. వాళ్ళు సైడు పట్టీలు విప్పకుండానే వాటి మీద మాస్కింగ్ టేపు అంటించి రంగు కొట్టేశారు. ఇచ్చినప్పుడు బ్రహ్మాండంగా కనిపించింది. ఒక్క వానాకాలం గడిచేసరికి పట్టీ అంచు వెంబడి రంగు పొరలు లేచి, సందుల్లోంచి ఎర్రటి చిలుము నీళ్ళు డోర్ మీదికి కారడం మొదలైంది. వెనక డోర్‌కి పట్టీ ఊడి ఉన్న చోట మరీ ఘోరం. క్లిప్పు దిగాల్సిన రంధ్రాల్ని లప్పంతో పూడ్చేసి, పైన రంగేసి, పట్టీని గమ్ముతో అతికించారు. ఎండాకాలం నల్లగొండ ఎండలో గమ్ము కరిగి పట్టీ వేలాడింది.

చాచా ఆ డోర్‌ని చూసి ఏమీ అనలేదు. వేలితో లప్పం మీద తట్టి, చప్పుడు విని, "రంగు దొంగపని చేస్తది బిడ్డా. ముందుగాల విప్పాలె. విప్పంగనే అంతా తెల్సిపోతది" అన్నాడు. రేటు అడిగితే చెప్పలేదు. ముందు బంపర్ కిందికి దూరి, వెనక బంపర్ కిందికి దూరి, బయటికి వచ్చాక ఒక అయస్కాంతం ముక్క తెచ్చి ప్రతి మెరుపు ముక్కకీ పెట్టి చూశాడు.

ఈ అయస్కాంతం పని ఎందుకంటే, మనం అన్నిటినీ క్రోమ్ అనేస్తాం కానీ కారు మీద మెరిసేవన్నీ ఒకటే లోహం కాదు. మా బండిలో బంపర్లు, బంపర్ గార్డులు, వీల్ కప్పులు ఇనుము మీద ప్లేటింగ్, అంటే లోహపు పూత. అయస్కాంతం టక్కున అంటుకుంది. ఇవి ప్లేటింగ్‌కి పంపాలి. సైడు పట్టీలకి అంటలేదు. వాటిలో ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు, ఎప్పుడో మార్చింది, మిగతావి అల్యూమినియం. బరువు చూసి, వెనక ఒక మూల ఆకురాయితో గీకి తేల్చాడు. అయస్కాంతం అంటుకోనిదల్లా స్టెయిన్‌లెస్ కాదు, అంటుకున్నదల్లా మామూలు ఇనుమూ కాదు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కి కూడా అంటుకుంటుంది. అందుకే గీకి చూడటం. స్టెయిన్‌లెస్ పట్టీకి ప్లేటింగే అక్కర్లేదు, బఫ్ కొడితే, అంటే తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పెడితే, అద్దంలా వస్తుంది. అల్యూమినియంకి బఫ్ కొడితే దాని పైన ఉన్న కాపుదల పొర పోయి కొన్నాళ్ళకి మసకబారుతుంది, ఆ పొరని కరెంటుతో మళ్ళీ ఎక్కించే ఎనోడైజింగ్ చేయించాలి.

అసలు చిక్కు డోర్ హ్యాండిళ్ళు. ఇవి మజాక్, అంటే ఎక్కువ భాగం జింకు ఉన్న పోత లోహం. మా హ్యాండిళ్ళ మీద బుడిపెల్లా పొక్కులొచ్చి ఉన్నాయి. వీటికీ కొత్త ప్లేటింగ్ వేయించమని అడిగాను. వద్దన్నాడు. పాత పొర తీయడానికి వాడే యాసిడ్ జింకుని తినేస్తుందని, పొక్కు కింద గుంట ఇంకా పెద్దదవుతుందని, పైన ఎంత ప్లేటింగ్ చేసినా గుంట గుంటలానే మెరుస్తుందని చెప్పాడు. కొత్తవి దొరికితే వేస్తా, లేకపోతే ఇవే ఉంచుదామన్నాడు. వచ్చే డబ్బు వద్దని చెప్పే మెకానిక్ మీద నమ్మకం కుదరడానికి ఇంతకంటే ఏం కావాలి. హ్యాండిళ్ళు అలాగే ఉన్నాయి. ఫొటోలో పెళ్ళికూతురి చెయ్యి వాటి మీద ఉండేలా నిలబెడుతున్నాను.

విప్పే పని మొదలుపెట్టిన రోజు నేను కావాలనే అక్కడ ఉన్నాను. కెమెరా కూడా తీసుకెళ్ళాను. దానికి చాచా అడ్డు చెప్పలేదు సరికదా, ప్రతి ముక్క తీయకముందు ఫొటో తియ్యమని ఆయనే పురమాయించాడు. ఏ నట్టు కింద ఎన్ని వాషర్లున్నాయి, రబ్బరు ఎటు వైపు ఉంది, బంపర్ బ్రాకెట్ కింద పలుచటి పలక ఉందా లేదా అనేవి విప్పిన తర్వాత ఎవరికీ గుర్తుండవు.

సైడు పట్టీతో మొదలు. పట్టీకి పైనా కిందా పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు. స్క్రూడ్రైవర్ దగ్గరికి కూడా రానివ్వలేదు. పలుచగా చెక్కిన చెక్క చీలలు ఉన్నాయి ఆయన దగ్గర, వాటిని పట్టీకీ డోర్‌కీ మధ్య దూర్చి ఒక్కొక్క క్లిప్పు దగ్గర కొంచెం కొంచెంగా లేపాడు. ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, ఒక చివర ఊడిందని దాన్ని పట్టుకుని పైకి లాగేస్తారు. పొడుగు పట్టీ అక్కడ మడత పడుతుంది. పడిన మడత సుత్తితో పోదు, పాలిష్‌తో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చాచా అన్ని క్లిప్పుల్నీ సగం సగం వదులు చేశాక, ఇద్దరు కుర్రాళ్ళు రెండు చివరలూ పట్టుకుంటే, పట్టీని సమంగా బయటికి తీశాడు.

చివర్లలో క్లిప్పులు కాదు, పట్టీకి ఉన్న స్టడ్డు, అంటే మరలున్న చిన్న కడ్డీ, లోపలికి వెళ్ళి నట్టుతో బిగిసి ఉంటుంది. దాని కోసం లోపల డోర్ ప్యాడ్ తీయాలి. గ్లాసు తిప్పే హ్యాండిల్, లోపలి హ్యాండిల్ తీశాక ప్యాడ్‌ని నెమ్మదిగా లాగితే మా ప్యాడ్ కింది సగం నానిన అప్పడంలా చేతిలోకి వచ్చేసింది. పట్టీ రంధ్రాల్లోంచి వాననీళ్ళు డోర్ లోపలికి వెళ్ళి అట్టని తడిపేశాయి. కొత్త అట్ట కోయించి పాత రెగ్జిన్‌నే దాని మీద తొడిగించాడు. ఇది ముందు అనుకున్న ఖర్చులో లేదు.

లోపలి నట్లు జంగు పట్టి బిగుసుకుపోయాయి. వాటి మీద జంగు వదిలించే నూనె కొట్టి ఆ రాత్రికి వదిలేశారు. మర్నాడు కొన్ని కదిలాయి, కొన్నిటికి నట్టుతో పాటు స్టడ్డు కూడా తిరిగింది. అలాంటప్పుడు పానా వేసి బలంగా తిప్పితే స్టడ్డు పట్టీలోంచి ఊడి వస్తుంది, పట్టీకి బొక్క పడుతుంది. ఆయన నోస్ ప్లయర్‌తో స్టడ్డు చివర పట్టుకుని, ఆక్సా బ్లేడు ముక్కతో నట్టుని నిలువుగా కోశాడు. ఒక్కో నట్టుకి ఎంతసేపు పట్టిందో చూస్తుంటే నాకే టెన్షన్ వచ్చింది. వెనక బంపర్ బోల్టులకీ ఇదే పద్ధతి. గ్రైండర్ ఉంది కదా అని ఒక కుర్రాడు తీసుకురాబోతే గట్టిగా కసిరాడు. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దం మీద పడితే గాజులోకి దిగిపోతాయి, పెయింటు మీద పడితే చుక్కచుక్కగా జంగు పడుతుంది. పైగా వెనక వైపు పెట్రోలు ట్యాంకు.

పట్టీలు తీశాక డోర్ల అసలు రంగు బయటపడింది. ప్రతి రంధ్రం చుట్టూ చిలుము. దీనికి కారణం చాచా తన భాషలో చెప్పాడు, నేను నా భాషలో రాస్తాను. ఇనుప క్లిప్పు, అల్యూమినియం పట్టీ, ఇనుప డోర్, వాటి మధ్య తడి. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే ఒకటి తొందరగా తినిపోతుంది, ఇక్కడ అది అల్యూమినియం. ఇనుప డోర్ సంగతికొస్తే, రంధ్రం అంచున పెయింటు పోయింది కాబట్టి జంగు అక్కడి నుంచే మొదలైంది. అన్నిటినీ పేపర్ కొట్టి శుభ్రం చేసి, ప్రైమర్ వేసి, రంగు తాకించి, ఆరనిచ్చారు. లప్పంతో పూడ్చిన రంధ్రాల్ని మళ్ళీ తొలిచి, కొలత వేసి సరిచేశారు.

ఇప్పుడు ఫిర్యాదు. ప్లేటింగ్ ఆయన చేయడు. హైదరాబాద్‌కి పంపుతాడు, ఎక్కడికో చెప్పడు. ప్లేటింగ్ తొట్టెల్లో వాడే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ తెచ్చే రసాయనం, దాని మురుగు నీళ్ళని ఊరికే కాలవలోకి వదలకూడదు. అందుకని ఇది వీధి చివర షెడ్డులో చేసే పని కాదని ఒప్పుకుంటాను. కానీ సామాను వెళ్ళిన తర్వాత ఏ ముక్క ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. దసరాకి ఇస్తానన్నది దీపావళి దాటింది. ఫోన్ చేస్తే "వస్తున్నయి బిడ్డా, ఫికర్ చెయ్యకు" తప్ప ఇంకో మాట లేదు. ఈలోపు రెండు షూట్లు బంపర్లు లేని బండితో చెయ్యలేక వదులుకున్నాను.

వచ్చాక చూస్తే ముందు బంపర్ అద్దంలా ఉంది. వెనక బంపర్ ఒక మూల, మలుపు దగ్గర మబ్బుగా ఉంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూస్తే పాలిష్ గీతలు కనిపించాయి. పాత పొరలు తీసి, సొట్టలు తీసి, ఇనుముని నునుపు చేసి, రాగి వేసి, దాన్ని కూడా పాలిష్ పట్టి, ఆ పైన నికెల్, ఆఖర్న క్రోమ్ వెయ్యాలి. క్రోమ్ పోసే సమయం తక్కువే, ముందు చేసే చాకిరీ అంతా పాలిష్‌లో ఉంటుంది, తొందరలో కోత పడేదీ అక్కడే. చాచా దగ్గర ఈ మాట అంటే వాదించలేదు. బంపర్‌ని కిటికీ వెలుగుకి తిప్పి చూశాడు, వెనక్కి పంపాడు. ఇంకొంత ఆలస్యం, కానీ డబ్బు అడగలేదు. రెండోసారి సరిగ్గా వచ్చింది. మీరు వెళ్తే సామాను తీసుకునేటప్పుడు ట్యూబ్‌లైటు కింద చూడకండి, బయటికి తెచ్చి నిలువు గీతలున్న దేనికైనా ఎదురుగా పెట్టి చూడండి. రేకుల తలుపైనా చాలు. గీతలు బంపర్‌లో అల పట్టినట్టు వంగితే లోపల ఇనుము నునుపు కాలేదని అర్థం.

బంపర్ల వెనక వైపు క్రోమ్ ఉండదు, అక్కడికి ప్లేటింగ్ సరిగ్గా ఎక్కదు కూడా. బిగించకముందు ఆ లోపలి వైపు జంగు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి దాని మీద సిల్వర్ పెయింటు కొట్టారు. నేను అడగలేదు, వాళ్ళే చేశారు. బంపర్లు లోపలి నుంచి తినిపోయి ముందుకి జంగు చుక్కలు రావడం మనం అన్ని పాత బండ్లకీ చూస్తాం.

బిగింపు. ఈ షెడ్డుకి వెళ్ళమని చెప్పడానికి అసలు కారణం ఇదే. పట్టీలు పెట్టేముందు చాచా నాలుగు డోర్లనీ ఎత్తి, దించి చూశాడు. మా డ్రైవర్ వైపు డోర్ కిందికి జారి ఉంది, కబ్జాల పిన్నులు అరిగాయి. డోర్ జారి ఉండగా పట్టీ బిగిస్తే రెండిట్లో ఒకటే జరుగుతుంది. పట్టీ డోర్‌తో సరిపోతే పక్క డోర్ పట్టీతో కలవదు, పక్క దానితో కలిపితే డోర్ అంచుతో కలవదు. అందుకని ముందు కబ్జాల పిన్నులు మార్చి డోర్లు లేపాడు. తర్వాత ముందు ఫెండర్ నుంచి వెనక రెక్క దాకా నైలాన్ దారం గట్టిగా లాగి కట్టాడు, ఇల్లు కట్టే మేస్త్రీలు కట్టే దారమే. దారం వెంట టేపు అంటించి, ఆ టేపు అంచుకి పట్టీ పై అంచు ఆనించి, ముందు క్లిప్పులు నొక్కకుండా చేత్తో పట్టుకుని చూసి, అప్పుడు నొక్కించాడు. ప్రతి రంధ్రం చుట్టూ నీళ్ళు దూరకుండా సీలెంట్, క్లిప్పుల మీద కొంచెం మైనం. ఫెండర్ మీది పట్టీకీ డోర్ పట్టీకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు వదిలాడు. లేకపోతే డోర్ తెరిచినప్పుడు దాని పట్టీ అంచు ముందు పట్టీకి తగిలి రెండూ నొక్కుకుపోతాయి.

నేను ఇంటికి తెచ్చాక కెమెరా స్టాండ్ మీద పెట్టి గ్రిడ్ గీతలు ఆన్ చేసి చూశాను. ఎడమ వైపు పట్టీ గీత మీద గీత. కుడి వైపు వెనక డోర్ దగ్గర వెంట్రుకవాసి కిందికి ఉంది, అది లప్పం పూడ్చిన డోరే. మామూలు కంటికి తెలియదు. చాచాకి ఫొటో చూపిస్తే తెలుసని, కొత్త రంధ్రం పాత రంధ్రానికి మరీ దగ్గరగా తొలిస్తే రేకు చిరుగుతుందని చెప్పాడు. ఒప్పుకోక తప్పలేదు.

బంపర్ బిగింపు కూడా చూడాల్సిన పనే. అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించి, రెండు వైపులా ఫెండర్‌కీ బంపర్‌కీ మధ్య చెయ్యి పెట్టి సందు చూసి, దూరం వెళ్ళి కూర్చుని చూసి, మళ్ళీ వచ్చి జరిపి, అప్పుడు బిగించాడు. ప్లేటింగ్ ఎక్కిన రంధ్రాలు కొంచెం ఇరుకవుతాయి. బోల్టు దిగకపోతే సుత్తితో కొట్టకుండా సన్న ఆకురాయితో అంచు తీశాడు, కొడితే రంధ్రం చుట్టూ ప్లేటింగ్ పెళ్ళలు లేస్తుంది. వీల్ కప్పులు అరచేత్తో చుట్టూ తట్టి ఎక్కించారు. ముందు జాలీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, విప్పారు, తుడిచారు, పెట్టారు.

పట్టీల్లో ఒకటి స్టీలు, మిగతావి అల్యూమినియం అన్నాను కదా. ఒకే వెలుగులో స్టీలు కొంచెం ముదురుగా, అల్యూమినియం పాల తెలుపుగా కనిపిస్తాయి. అన్నీ ఒకటే చేయించాలని నా కోరిక. చాచా పాత సామాను వాళ్ళని అడిగి చూశాడు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు ఈ బండి తయారీ ఆపి దాదాపు పాతికేళ్ళయింది. బొంబాయి రోడ్ల మీద పద్మిని ట్యాక్సీలు కూడా 2023 అక్టోబర్‌తో అయిపోయాయి. వేల ట్యాక్సీలు తిరిగినన్నాళ్ళు వాటి కోసం సామాను దొరికేది, ఇక ముందు కష్టమని ఆయన అన్నాడు. హైదరాబాద్ పుత్లీబౌలిలో ఒక పట్టీ దొరికిందని తెచ్చాడు, పొడుగు సరిపోలేదు, వేయలేదు, దానికి డబ్బు తీసుకోలేదు. ప్రస్తుతానికి స్టీలు పట్టీ ఉన్న వైపు నీడలో పెట్టి తీస్తున్నాను.

ఖర్చు రాస్తాను, అందరూ అడిగేది అదే. బంపర్లు రెండింటికి ప్లేటింగ్ 9,000. గార్డులు, వీల్ కప్పులు కలిపి 5,200. పట్టీలకి బఫింగ్, ఎనోడైజింగ్ 2,800. విప్పడానికి, బిగించడానికి కూలీ 6,500. కబ్జాల పిన్నులు, డోర్ అట్ట, క్లిప్పులు, సీలెంట్, రంగు అన్నీ కలిపి ఇంకో 4,300. మొత్తం 27,800, చేతికి ఇచ్చింది 27,500. హైదరాబాద్‌లో కొటేషన్ అడిగిన చోట ప్లేటింగ్ రేటు ఇంతకంటే తక్కువే చెప్పారు, కానీ సామాను విప్పి తీసుకురమ్మన్నారు, బిగింపు మాకు సంబంధం లేదన్నారు. విప్పి ఇవ్వగలిగినవాళ్ళకి అదే చవక. కూలీ 6,500 ఎక్కువని మా ఆయన అన్నాడు. నట్లు కోయడం పక్కన కూర్చుని చూసినదాన్ని కాబట్టి నాకు అలా అనిపించలేదు. బిల్లు మాత్రం నోటుబుక్కులోంచి చించిన కాగితం, జీఎస్టీ నంబరు లేదు. స్టూడియో ఖర్చుగా చూపించుకుందామనుకున్నాను, కుదరలేదు.

బండి ఇచ్చేటప్పుడు చాచా చెప్పిన ఒక్క జాగ్రత్త నల్లగొండ వాళ్ళందరికీ పనికొస్తుంది. బోరు నీళ్ళతో కడగొద్దన్నాడు. మన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి దేశమంతా తెలుసు కానీ, క్రోమ్‌కి చేటు చేసేది ఆ నీళ్ళలోని సున్నం. ఎండలో చుక్కలు ఆరిపోయి తెల్ల మచ్చలు మిగులుతాయి, వాటిని గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. కృష్ణా నీళ్ళు వచ్చే నల్లాతో కడిగి, ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడవాలి. మచ్చలు పడితే వెనిగర్‌లో అంతకంత నీళ్ళు కలిపి తడిపి, వెంటనే కడిగెయ్యాలి, అల్యూమినియం పట్టీలకి మాత్రం అదీ వద్దు. గిన్నెలు తోమే పీచు బండి దగ్గరికి తీసుకురాకూడదు. మా ఇంట్లో ఈ మాట పనిమనిషికి కాదు, మా మామగారికి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆ పీచుతోనే హెడ్‌లైటు రింగులు తోమేవారు.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని సంగతులు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ షెడ్డు మూసి ఉంటుంది. ఫోన్ ఎత్తడు, పొద్దున పదింటికి వెళ్తే మనిషి దొరుకుతాడు. అడ్వాన్సు సగం అడుగుతాడు, మూడో వంతు ఇస్తే చాలు, పని మొదలుపెడతాడు. ప్లేటింగ్‌కి పంపే ప్రతి ముక్కకీ వెనక వైపు మీ గుర్తు గీకించండి, ఫొటో తీసుకోండి. మా వీల్ కప్పుల్లో ఒకటి వేరే వాళ్ళది వచ్చింది, గుర్తు ఉండబట్టి మా దానితో మార్చుకోగలిగాం. తేదీ ఏది చెప్పినా దానికి ఒక నెల కలుపుకోండి. ముందు డోర్లకి ఉన్న చిన్న తిప్పుడు అద్దాల ఫ్రేములు ఇంకా చేయించలేదు, రబ్బర్లు దొరికాక మళ్ళీ ఈయన దగ్గరికే తీసుకెళ్తాను, పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక.